అద్దంలో కనిపించని 'క'

మా బావ ఏం పని చేస్తాడని ఎవరైనా అడిగితే "పెదవులు కుట్టే పని" అని చెప్పేదాన్ని. వినేవాళ్ళు ఆయన్ని డాక్టరనుకుని కాస్త గౌరవంగా చూసేవాళ్ళు. అసలు సంగతి చెప్పగానే ఆ గౌరవం ఆవిరైపోయేది. పరాయి భాషలో తీసిన సీరియళ్ళకి బావ తెలుగు మాటలు రాస్తాడు. అర్థం తెలుగులో పెట్టేస్తే అయిపోయే పని కాదు అది. తెరమీది మనిషి పెదవులు ఎక్కడ కలిస్తే మన మాటలోనూ అక్కడ కలవాలి, అంటే పకారమో బకారమో మకారమో సరిగ్గా ఆ చోటే పడాలి. వాళ్ళు నోరు మూసేసరికి మన మాటా అయిపోవాలి. ఈ విద్యలో ఆయన్ని మించినవాడు లేడని స్టూడియోలో ఆయనకి పెదవుల మాస్టారని పేరు పెట్టారు.

పొగడ్తంటే బావ చెవి కోసుకుంటాడు. అందుకు ఆయన్ని తప్పు పట్టను, అంతకుముందు పడిన మాటలు తక్కువేం కాదు. పెళ్ళయిన కొత్తలో ఆయన ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు. ఎవరిదో పుస్తకంలో ఒక అక్షరం ఎగిరిపోయి, అర్థం తారుమారై, పెద్ద గొడవైంది. యజమాని తన మేనల్లుడు చేసిన తప్పుని బావ నెత్తిన రుద్ది ఇంటికి పంపించేశాడు. బంధువులందరూ ఆయన్ని అదోలా చూస్తుంటే అక్క ఒక్కతే ఎదురు తిరిగింది. "ఆయన అక్షరం మింగే మనిషి కాదు" అని కనపడ్డవాళ్ళందరికీ చెప్పింది. అడిగినవాళ్ళకీ చెప్పింది, అడగనివాళ్ళకీ చెప్పింది. మేనల్లుడి సంగతి బయటపడ్డాక కూడా చెప్పడం మానలేదు. మా ఇంట్లో ఆ మాట ఇంటిపేరులా స్థిరపడిపోయింది.

అక్కది బ్యూటీ పార్లర్. పార్లర్ అంటే మా ఇంటి ముందుగదే. రెండు కుర్చీలు, గోడంత అద్దం, వేడినీళ్ళకి ఒక గీజరు, ఎప్పుడూ ఒక చక్రం మొరాయించే ట్రాలీ. వెనక రెండు గదుల్లో మేం ముగ్గురం ఉంటాం. అక్క దారం పట్టుకుని కనుబొమలు తీస్తుంటే నేను పక్క కుర్చీలో తలలకి రంగులేస్తుంటాను. పొద్దున పార్లర్ తెరవకముందు మాత్రం ఆ అద్దం బావది. కాగితం పట్టుకుని అద్దం ముందు నిలబడి, ఆ రోజు రికార్డు చేయబోయే మాటలన్నీ చప్పుడు లేకుండా పెదవులతో అనుకుంటాడు. కథ బయటికి పొక్కకూడదని స్టూడియోవాళ్ళ షరతు, అందుకని గొంతు పెగలనివ్వడు. నేను వెనక నిలబడి "బావా, ఇప్పుడు 'మా మామ' అన్నావు కదూ, మా నాన్ననెందుకు తిడుతున్నావు?" అని ఏడిపించేదాన్ని. అక్క నన్ను కసిరి, తను కూడా ఓరకంట ఆయన పెదవులే చూసేది.

ఇక ఆ సీరియల్ సంగతి. రెక్కల గుర్రాలు, మాట్లాడే కొండలు, వాటి మధ్య మంత్రం వేసిన ఒక ఆనకట్ట. దాన్ని కాపాడే ఆవిడ పేరు జలపాలిక. ఆ పేరు పెట్టింది బావే. తలుపుల తాళాలు దళపతి దగ్గర ఉంటాయి, ఆజ్ఞ మటుకు ఆవిడది. దిగువ నగరం రాజు ఆవిడ తమ్ముణ్ణి చంపించాడు. అయినా కరువొచ్చినప్పుడు ఆవిడ తన వాటా నీళ్ళు ఆ నగరం పిల్లలకే పంపించి, తను నాలుక పిడచగట్టుకుపోయి పడి ఉంటుంది. ఆ ఎపిసోడ్ చూసిన మర్నాడే అక్క పత్రికలోంచి జలపాలిక బొమ్మ కత్తిరించి అద్దం మూల అంటించింది. దాని మీద పొడి పడితే తనే తుడిచేది, నన్ను ముట్టుకోనిచ్చేది కాదు.

సీరియల్ అసలు భాష ఇక్కడ ఎవరికీ రాదు. స్టూడియోకి అనువాదం కాగితాలు ముక్కలు ముక్కలుగా వస్తాయి, ముందు కథ ఏమిటో బావక్కూడా తెలియదు. ఇప్పుడు చెప్పబోయేది ఎలా జరిగిందో తరవాత ఆయన నోటివెంటే విన్నాను. ఆనకట్ట మీద నిలబడి జలపాలిక దళపతికి ఆజ్ఞ ఇచ్చే సన్నివేశం వచ్చింది. కాగితంలో ఉన్నది చూసి బావ "నీళ్ళు వదలకండి" అని రాశాడు. బూత్‌లో గొంతిచ్చే ఆవిడ చెప్పింది. ఒక్క అక్షరం ఎక్కువైంది. తెరమీద నోరు మూసుకున్నాక 'డి' వినపడుతోంది. "నీళ్ళాపండి" అందామంటే ఆ 'ప' దగ్గర పెదవులు కలవాలి, తెరమీద కలవడం లేదు. ఎన్ని తిప్పలు పడ్డా కుదరలేదు, బూత్ అద్దె గంట అయిపోవస్తోంది.

అప్పుడు తరవాతి కాగితం చూశాడట. అందులో దిగువ నగరం మునిగిపోయి ఉంది. ఊరు మునిగిందంటే ఆవిడే వదలమని ఉంటుంది, అనువాదంలోనే 'వద్దు' తప్పుపడి ఉంటుంది అనుకున్నాడు. అనువాదకుడికి ఒక్క ఫోను చేస్తే తేలిపోయేది. "ఆ 'క' తీసేయండమ్మా" అన్నాడు. ఆవిడ "నీళ్ళు వదలండి" అంది. మాట పెదవి మీద అతికినట్టు కూర్చుంది. రికార్డింగ్ కన్సోల్ దగ్గర కూర్చున్నాయన చప్పట్లు కొట్టి "పెదవుల మాస్టారంటే ఊరికే అన్నారా" అన్నాడు. ఆ పూట బావ ఇంటికొస్తూ ఈల వేశాడు, అది నాకు బాగా గుర్తు.

ఆ ఎపిసోడ్ వచ్చిన మర్నాటి నుంచి మా పార్లర్ పార్లర్‌లా లేదు. కనుబొమలకి వచ్చే లెక్కల టీచరుగారూ, ఎదురుగా మందుల షాపులో పనిచేసే అమ్మాయీ, అక్కా. ముగ్గురిదీ మూడు దారులు.

"నేను ముందే చెప్పాను" అన్నారు టీచరుగారు, అక్క దారం కింద కళ్ళు మూసుకునే. "తమ్ముడు పోయిన దగ్గర్నుంచి ఆవిడ నవ్విందా? ఆనకట్ట ఆవిడ చేతికిచ్చిన పట్టాభిషేకంలో కూడా నవ్వలేదు. అధికారం చేతికొచ్చాక మనుషులు మారతారు."

"మారితే మారింది" అంది మందుల షాపు అమ్మాయి. "అన్ని అన్యాయాలు చేసినవాళ్ళని ముంచితే తప్పేంటంట? నాకైతే ఇప్పుడే నచ్చింది. ఇన్నాళ్ళూ మరీ మెత్తగా ఉండి విసిగించింది."

"పిల్లలేం చేశారు నిన్ను?" అంది అక్క.

"నన్నేం చెయ్యలేదక్కా, నేను సీరియల్ సంగతి చెప్తున్నా."

"నేనూ సీరియల్ సంగతే చెప్తున్నా. తన వాటా నీళ్ళు ఇచ్చిన మనిషి అదే పిల్లల మీదికి నీళ్ళు వదలదు."

"మనుషులు మారతారండీ" అన్నారు మళ్ళీ టీచరుగారు.

"మారతారు. కానీ జుట్టు తెల్లబడ్డట్టు మారతారు, కుదుళ్ళలోంచి కొంచెం కొంచెంగా. నేను రోజూ చూస్తున్నా కదా. రాత్రికి రాత్రి ఎవరికీ తెల్లబడదు."

టీచరుగారు లేచి కూర్చున్నారు. ఒక కనుబొమ అయింది, ఇంకోటి కాలేదు. ఫోను తీసి ఆ ముక్క పెట్టారు. నీళ్ళు వదలండి. అక్క మళ్ళీ పెట్టమంది. నీళ్ళు వదలండి. మళ్ళీ పెట్టమంది.

"అక్కడ ఒక 'క' ఉండాలి" అంది అక్క. "'వదలకండి' అని ఉంటుంది. ఆ 'క' ఎక్కడో పోయింది."

నవ్వలేక చచ్చాం. నేనూ నవ్వాను, దాచడమెందుకు. మందుల షాపు అమ్మాయి కుర్చీ కిందా, ట్రాలీ కిందా వంగి 'క' కోసం వెతికింది. సరిగ్గా అప్పుడే బావ టీ గ్లాసు పట్టుకుని వెనక గదిలోంచి వచ్చాడు.

"ఇదిగో, రాసినాయనే వచ్చారు" అన్నారు టీచరుగారు. "మాస్టారూ, మీరు చెప్పండి. అక్కడ 'క' ఉందా?"

బావ అప్పటికింకా తను చేసింది ఒప్పే అనుకుంటున్నాడు. అయినా కాగితంలో 'వద్దు' అని ఉన్న సంగతి ఆయనకి తెలుసు కదా. టీ గ్లాసు ట్రాలీ మీద పెట్టాడు. అక్క దారం పళ్ళమధ్య పట్టుకుని ఆయన మొహంలోకే చూస్తోంది.

"లేదండీ" అన్నాడు. "మనుషులు మారతారు."

టీచరుగారు గెలిచినంత హుందాగా మళ్ళీ వెనక్కి వాలారు. అక్క దారం నోట్లోంచి తీసి, "సరే. ఒకటి రెండు వారాలు ఆగండి. తాళాలున్నవాడు కాబట్టి దళపతిని విచారణకి పిలుస్తారు, నిజం బయటికొస్తుంది. ఆవిడే చేసిందని తేలితే ఈ బొమ్మ మీ అందరి ముందూ నా చేత్తో చింపేసి, నాకు మనుషుల్ని గుర్తుపట్టడం రాదని ఒప్పుకుంటాను" అంది. అది పట్టుదలగా అన్న మాట. సీరియల్ సంగతే కదా అని మాకు అనిపించింది గానీ, ఆవిడ తన పరువంతా తీసుకెళ్ళి అక్కడ పెట్టేసింది.

విచారణ సన్నివేశం కాగితాలు ఆ వారమే వచ్చాయి. దళపతి చేతులకి సంకెళ్ళు. జలపాలిక ఎదురుగా మోకాళ్ళ మీద కూలబడి అంటాడు: నీ మాట కాదని తలుపులు తెరిచాను.

బావకి అప్పుడు తెలిసింది. ఆవిడ వద్దనే అంది. ఊరు ముంచింది దళపతి. పాత ఎపిసోడ్ అప్పటికే లక్షల ఇళ్ళలో వచ్చేసింది. ఇప్పుడు ఈ మాట ఉన్నదున్నట్టు రాస్తే, అంతకుముందు 'క' మింగిందెవరని అడుగుతారు. స్టూడియోలో ఇంకెవరూ లేరు ఆ నింద మోయడానికి, ప్రెస్సులోలాగా అసలు తప్పు చేసిన మేనల్లుళ్ళెవరూ లేరు. ఇంట్లో భార్య ఆ ఒక్క వాక్యం కోసం ఎదురుచూస్తోందనీ ఆయనకి తెలుసు. అది తెలిసే, పొద్దున్నే మా అద్దం ముందు నిలబడి, మూల అంటించిన ఆ బొమ్మ పక్కనే, పెదవులు ఆడించి చూసుకున్నాడు. నీ మాట కాదని. నీ మాట వల్లనే. రెంటిలోనూ 'మా' అదే చోట పడుతుంది. రెండో మాట కూడా పెదవి మీద చక్కగా కుదిరింది. ఆయన విద్యకి పట్టిన దరిద్రం అదే, అబద్ధం కూడా అతుకుతుంది.

విచారణ వచ్చే శనివారం అక్క పార్లర్ పెందలాడే కట్టేసి టీవీ ముందు కూర్చుంది. టీచరుగారినీ మందుల షాపు అమ్మాయినీ కూడా పిలిచింది, అందరి ముందూ గెలుద్దామని. బావ తలనొప్పంటూ వెనక గదిలో పడుకున్నాడు. దళపతి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. అక్క ముందుకి వంగింది.

"నీ మాట వల్లనే తలుపులు తెరిచాను."

ఎవరూ నవ్వలేదు, అదే ఘోరం. నవ్వినా బాగుండేది. అక్క లేచి ముందుగదిలోకి వెళ్ళి, అద్దం మూలనున్న బొమ్మ గోటితో మెల్లిగా లేపింది. చింపుతానంది గానీ చింపలేకపోయింది. నాలుగు మడతలు పెట్టి డ్రాయరులో పడేసింది. "నాకు మనుషుల్ని గుర్తుపట్టడం రాదండీ" అంది టీచరుగారితో, కస్టమరుకి చిల్లర లేదని చెప్పినంత మామూలుగా. టీచరుగారే కంగారుపడి "అయ్యో, సీరియలే కదండీ" అన్నారు.

ఆ తరవాత అక్కలో ఏదో తేడా వచ్చింది. అద్దం మూల జిగురు మరక అలాగే ఉండిపోయింది, తుడవలేదు. కొత్తగా పనికి పెట్టుకుందామని ఒక అమ్మాయిని పిలిస్తే, "నువ్వే మాట్లాడి చూడు, నాకు మనుషులు తెలీరు" అని నామీదికి తోసేసింది. ముందు వెక్కిరింపుగా అంటోందనుకున్నాను. కాదు, నిజంగానే అంటోంది. వెనక ఇస్త్రీ చేస్తున్న బావ ఆ మాట విని తువ్వాలు మాడబెట్టాడు.

మంగళవారం మా పార్లర్‌కి సెలవు. అక్క బకెట్టులో సబ్బునీళ్ళు కలిపి దువ్వెనలు కడుగుతోంది. నేను బ్రష్షులు ఆరబెడుతున్నాను. బావ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నన్ను పొమ్మంటాడేమో అనుకున్నాను గానీ పొమ్మనలేదు.

"ఆ 'క' నేనే తీసేశాను" అన్నాడు.

"ఏ 'క'?" అంది అక్క. తెలియక అడగలేదు.

బావ చెప్పాడు. పెదవి, బూత్ అద్దె, తరవాతి కాగితం, చప్పట్లు, అన్నీ. అక్క దువ్వెన పళ్ళమధ్య ఇరుక్కున్న వెంట్రుకలు ఒక్కొక్కటే లాగుతూ వింటోంది.

"అది పొరపాటు" అంది చివరికి. "దళపతి మాటో?"

బావ బకెట్టులోకి చూశాడు.

"దళపతి ఏమన్నాడు అసలు?"

"నీ మాట కాదని తెరిచానన్నాడు."

"మీరు మార్చింది ఎప్పుడు? నేను అందరి ముందూ ఆ మాట అనకముందా, అన్నాకా?"

"అన్నాక."

"తెలిసే?"

"తెలిసే."

నాకు తలెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చేసింది నేను కాకపోయినా నాకే సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. ఇన్నేళ్ళూ సరదాగా ఏడిపించిన మనిషిని ఒక్క మాటైనా అనలేకపోయాను. అక్క 'అక్షరం మింగే మనిషి కాదు' అని ఊరంతా చాటిన మాట ఆ గదిలో మా ముగ్గురికీ ఒకేసారి గుర్తొచ్చింది. అది ఇప్పుడు ఆయన మొహాన కొడుతుందని చూశాను. బావ కూడా దానికోసమే తలవంచుకుని నిలబడ్డాడు. అక్క అనలేదు. అనేస్తే ఆయనకి కాస్త తెరిపిగా ఉండేదేమో.

"ఆ రోజు పొద్దున అద్దంలో మీరు ఆ మాట అనుకోవడం చూశాను" అంది. "మీ పెదవులు చూస్తే నాకు అన్నీ తెలిసిపోతాయనుకునేదాన్ని. 'క' మటుకు పెదవుల మీద కనపడదు కదా. అది గొంతులోనే ఉండిపోతుంది."

బకెట్టు ఎత్తి నీళ్ళు పారబోసి వచ్చింది. "అయితే ఆవిడ సంగతి నేను సరిగ్గానే చెప్పాను" అంది. అంతే.

బావ మర్నాడు స్టూడియోకి వెళ్ళి మేనేజరుకి మొత్తం చెప్పేశాడు. పని పోతుందనే వెళ్ళాడు, పోవాలనే వెళ్ళాడని నాకనిపిస్తుంది. మేనేజరు విని కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడట. "మాస్టారూ, జనం ఇళ్ళల్లో కొట్టుకు చస్తున్నారు. ఇంతమంది చూడ్డం ఇదే మొదటిసారి. మీ పుణ్యమే అది. ముట్టుకోకండి, అలాగే పోనివ్వండి" అన్నాడట. పైగా టీ తెప్పించాడట. ఆ టీ తాగి వచ్చానని బావ చెప్పినప్పుడు ఆయన మొహం చూడలేకపోయాను. పొగడ్తకి చెవి కోసుకునే మనిషి, ఆ పొగడ్త గురించి గోడవైపు తిరిగి చెప్పాడు.

"మెచ్చుకున్నారా?" అంది అక్క.

"ఊఁ."

"అన్నం పెడతాను, రండి" అంది.

"అందరికీ నేనే చెప్పేస్తాను, టీచరుగారికి కూడా" అన్నాడు బావ చెయ్యి కడుక్కుంటూ.

"మీ ఇష్టం" అంది అక్క. ఆయన చెప్పలేదు. రోజూ పార్లర్ తలుపు దాకా వచ్చి, లోపలి నవ్వులు విని, వెనక్కి వెళ్ళిపోయేవాడు. మొహం చెల్లలేదు.

తరవాతి నెల టీచరుగారు కనుబొమలకి వచ్చారు. కుర్చీలో కూర్చోగానే అద్దం మూల చూశారు. మడతల గీతలు పడ్డ బొమ్మ మళ్ళీ అక్కడ ఉంది. ఆ పొద్దున్నే అక్క అంటించింది, ఎందుకని నేను అడగలేదు.

"ఇదేంటండీ, మళ్ళీ పెట్టారు?" అన్నారు టీచరుగారు. "ఒప్పుకున్నారు కదా."

"ఒప్పుకున్నది వెనక్కి తీసుకున్నా" అంది అక్క దారం సరిచేసుకుంటూ. "ఆవిడ వద్దనే అంది."

"మరి అందరం చెవులారా విన్నాం కదండీ."

"విన్నారు."

టీచరుగారు నావైపు చూసి కన్ను గీటారు. పాత వెక్కిరింపు ఎక్కడికీ పోలేదు. "అయితే 'క' దొరికిందన్నమాట."

"దొరికింది."

"ఎక్కడ దొరికిందండీ?"

అక్క దారం ఒక కొస పళ్ళతో పట్టుకోబోయి ఆగింది. వెనక గుమ్మంలో బావ, ఉతికిన తువ్వాళ్ళ దొంతర పట్టుకుని నిలబడి ఉన్నాడు. అద్దంలో మా అందరికీ కనపడుతున్నాడు.

"మా ఇంట్లోనే" అంది అక్క.

టీచరుగారు పడీ పడీ నవ్వారు. ఇంత మంచి జోకు ఈ మధ్య వినలేదన్నారు. అక్క కూడా సన్నగా నవ్వి, కళ్ళు మూసుకోమని చెప్పి, పనిలో పడింది. బావ తువ్వాళ్ళు అరలో పెట్టాడు. పెట్టినవి మళ్ళీ తీసి, మడతలన్నీ విప్పి, మొదటినుంచీ మడతపెట్టడం మొదలుపెట్టాడు.